రేవు జరిగిపోతే ఊరేం చేస్తుంది?

(బందరులో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలకు, వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఊళ్లు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి, ఎలా తగ్గిపోతాయి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. పుస్తకాల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక బండెడు మట్టి గురించి చెప్పనివ్వండి.

నా చిన్నప్పుడు ఎండాకాలంలో పొలాలు ఖాళీ అయ్యాక మా నాన్న ఎడ్లబండి కట్టి ఊరికి పడమటి వైపున్న పాటిదిబ్బకి వెళ్లేవాడు. నేనూ బండెక్కేవాణ్ణి. పలుగుతో తవ్వి, తట్టలకెత్తి, బండి నింపి, చేలో కుప్పలుగా పోసేవాళ్లు. ఆ మన్ను బూడిద రంగులో ఉండేది. చేత్తో నలిపితే పిండిలా రాలేది. పాటిమన్ను తోలిన చేనుకి ఆ ఏడు వేరే ఎరువు అక్కర్లేదని మా నాన్న నమ్మకం. పైరు కూడా ఆ మాట నిలబెట్టేది. ఆ మట్టిలో కుండపెంకులు, ఎముక ముక్కలు, గవ్వలు వచ్చేవి. ఒకసారి నాకు చిల్లు ఉన్న ఎర్రటి పూస ఒకటి దొరికింది. ఇంటికి తెస్తే మా నాయనమ్మ చూసి, "ఎవరి మెళ్లోదో నాయనా, ఎక్కడిది అక్కడ పెట్టిరా" అంది. మర్నాడు వెళ్లి పెట్టొచ్చాను.

పాటిదిబ్బ అంటే ఒకప్పుడు ఊరున్న చోటని నాకు ఎన్నో ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. మనుషులు తరాల తరబడి వండుకున్న పొయ్యి బూడిద, పశువుల పేడ, కూలిన మట్టిగోడలు అన్నీ కలిసి ఆ మన్ను అయింది. దాంట్లో బలం ఉండేది అందుకే. మేము తిన్న అన్నంలో ఒక పాత ఊరు కలిసి ఉందన్నమాట. ఆ ఊరి పేరేమిటో మా ఊళ్లో ఎవరికీ తెలీదు. ఇవాళ మీతో మాట్లాడటానికి కారణం ఆ తెలియకపోవడమే.

రెవెన్యూ రికార్డుల్లో రెండు మాటలుంటాయి. ఇళ్లు ఉన్న మేర భూమిని గ్రామకంఠం అంటారు. మనుషులెవరూ లేని ఊరిని బేచిరాక్ గ్రామం అంటారు. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం లేనిది. ఊరికి సర్వే నంబర్లు ఉంటాయి, హద్దులు ఉంటాయి, పేరుంటుంది, సాయంత్రం పూట దీపం పెట్టే మనిషి ఉండడు. ఆ మాట మొదటిసారి ఒక అడంగల్ కాయితంలో చూసినప్పుడు కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. గుమస్తా రాసుకునే మాటలో అంత దుఃఖం ఎలా ఇమిడిందో.

సరే, పుట్టుక దగ్గరికి వద్దాం.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది వేరు. అక్కడ ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. కృష్ణా, తుంగభద్రల మధ్య, అటు బళ్లారి వైపు, ఇటు అనంతపురం వైపు ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. కొన్ని చోట్ల వీటిని రాక్షసుల్ని కాల్చిన బూడిద అని కథలు చెప్పుకుంటారు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బని తవ్వాడు. అది పశువుల దొడ్డి అని తేలింది. నాలుగు వేల ఏళ్ల కంటే వెనకటిది. చుట్టూ మొద్దులు పాతి కంచె కట్టారు, లోపల మందని కట్టేశారు. పేడ పోగయ్యాక నిప్పు పెట్టారు. మళ్లీ కంచె కట్టారు, మళ్లీ పేడ పోగయింది, మళ్లీ కాల్చారు. ఇలా ఎన్నోసార్లు. తవ్వకంలో మొద్దులు పాతిన గుంటలు బయటపడ్డాయి. ఆ బూడిద పొరల్లో ఒకచోట పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. తడి నేల మీద ఏదో ఆవు వేసిన అడుగు నాలుగు వేల ఏళ్లు చెరగకుండా ఉంది.

అది ఊరా? ఇంకా కాదు. ఏడాదిలో కొన్ని నెలలు మంద నిలిచే చోటు, అంతే. కానీ మనిషి ఒకే చోటికి ఏటా తిరిగి రావడం మొదలైందంటే ఊరికి గర్భం పడ్డట్టే. అక్కడ నీళ్లున్నాయి, గడ్డి ఉంది, కంచె మళ్లీ కట్టుకోవడానికి పోయినేడు వదిలిన గుంటలున్నాయి. ఆ పోయినేటి గుంటలే మనిషిని వెనక్కి పిలుస్తాయి. ఊరంటే ఇళ్లు అనుకుంటాం గానీ, ముందు పుట్టేది తిరిగి రావడానికి ఒక కారణం. ఇళ్లు ఆ తర్వాత వస్తాయి.

మన ఊళ్ల పేర్లలో ఆ కారణాలు ఇప్పటికీ వినపడతాయి. కుంట, చెరువు, మడుగు, లంక అంటే నీళ్లు. పేట అంటే బజారు. పాలెం అంటే దండు దిగిన చోటో, ఒక పనివాళ్లంతా కలిసి ఉన్న చోటో. అగ్రహారం అంటే దానమిచ్చిన భూమి. గూడెం, తండా అంటే ఎవరు వచ్చి నిలిచారో చెప్పే పేర్లు. బస్సులో వెళ్తూ బోర్డులు చదువుకుంటూ పోండి, ఏ ఊరు ఎందుకు పుట్టిందో సగం అర్థమైపోతుంది. తెలంగాణలో ఊరు కట్టేటప్పుడు నడిబొడ్డున బొడ్రాయి వేస్తారు. బొడ్డు రాయి. పుట్టిన బిడ్డకి బొడ్డు ఉన్నట్టే ఊరికీ ఉండాలని ఎవరికి తోచిందో గాని, అంత చక్కని ఆలోచన నాకు ఇంకెక్కడా కనపడలేదు.

కొన్ని ఊళ్లని పిలిచి పుట్టిస్తారు. కాకతీయులు చెరువు తవ్వించి, గుడి కట్టించి, పక్కన ఊరు నిలబెట్టారు. రామప్ప, పాకాల, లక్నవరం అన్నీ ఆ దారిలోవే. అడివిలో నీళ్లు నిలబెడితే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారని వాళ్లకి తెలుసు. అంతకంటే నాకు ఇష్టమైనది మోటుపల్లి శాసనం. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చిన్న పల్లె అది. 1244–45లో గణపతిదేవుడు అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు ఆ సరుకంతా లాక్కునేవాళ్లు. మేము అలా లాక్కోం, మామూలు సుంకం మాత్రమే తీసుకుంటాం, ప్రాణాల కంటే ఎక్కువ విలువైన సంపద పోగొట్టుకున్నవాళ్లని ఇంకా దోచుకోం అన్న అర్థంలో ఆ శాసనం సాగుతుంది. ఒక రేవు పెరగడానికి ఏం కావాలో ఆ రాజుకి తెలుసు. లోతైన నీళ్లుంటే చాలదు. కొత్తవాడికి భయం పోవాలి. ఆ తర్వాత సుమారు యాభై ఏళ్లకి మార్కో పోలో ఆ దేశం గురించి ముత్‌ఫిలి అని రాశాడు, మోటుపల్లి పేరు అతని నోట్లో అలా పలికింది. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి అదే ఊళ్లో వర్తకులకి మళ్లీ ఒక శాసనం వేయించాడు. ఇవాళ వెళ్తే గుడి ఉంది, శాసనం ఉంది, ఇసక ఉంది. ఓడలు లేవు.

ఇక బందరు. ఇక్కడ నిలబడి బందరు గురించి చెప్పడం అంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది, మీకు తెలియనిది నేనేం చెప్పగలను? అయినా నాకు తోచింది చెబుతాను.

బందరు అంటే పార్సీలో రేవు. మనం మన ఊరిని రేవు అనే పిలుస్తున్నాం. రేవు తగ్గిపోయి తరాలు గడిచినా పేరు మార్చుకోలేదు. ఈ తీరం వర్తకం బందరు కంటే చాలా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దం నాటి గ్రీకు నావికుల పుస్తకంలో మసాలియా అన్న పేరు, ఇక్కడి సన్నని బట్టల మాట ఉన్నాయి. అప్పట్లో పెద్ద రేవు ఘంటసాల. గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రాసిన కంటకస్సుల ఇదే. నాగార్జునకొండ శాసనంలో కంటకసెల అని ఉంది. ఘంటసాలలో దొరికిన శాసనంలో మహానావికుడి ప్రస్తావన ఉంది. మహానావికుడు ఉన్న ఊరు ఇప్పుడు సముద్రానికి ఇరవై కిలోమీటర్లకి పైనే లోపల ఉంది. కృష్ణమ్మ ఏటా తెచ్చిన ఒండ్రు పరిచి పరిచి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. ఏ దండూ వచ్చి ఘంటసాలని కొల్లగొట్టక్కర్లేదు. మనకి అన్నం పెట్టే ఒండ్రుమట్టే రేవుని మూసేసింది. డెల్టాలో ఉన్నవాళ్లం, ఆ రెండూ ఒకే మట్టి అని మరవకూడదు.

గోలకొండ సుల్తానుల కాలానికి వంతు బందరుకి వచ్చింది. లోపలి నుంచి దారి వచ్చింది. అటు గోలకొండ, మధ్యలో కొల్లూరు వజ్రాల గనులు, ఇటు చుట్టూ నేతగాళ్ల పల్లెలు. డచ్చివాళ్లు 1605–06 ప్రాంతంలో దిగారు, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో. వాళ్లెవరూ ఇప్పుడు లేరు గానీ, వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందులు అంటే హాలండువాళ్లు, పరాసులు అంటే ఫ్రెంచివాళ్లు. మీలో చాలామంది చిరునామాల్లోనే ఆ చరిత్ర ఉంది.

వాళ్లంతా ఎందుకు వచ్చారు? బట్ట కోసం. ఆ పని ఇప్పటికీ పెడనలో చూడొచ్చు. ఒక రోజు నేను ఒక షెడ్డులో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నాను. తెల్ల బట్టని కరక్కాయ నీళ్లలో పాలు కలిపి నానబెట్టి ఆరేస్తారు. బట్ట లేత పసుపుగా అవుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి కుండలో ఊరబెట్టిన నీళ్లుంటాయి. టేకు అచ్చుని ఆ నీళ్లలో అద్ది బట్ట మీద పెట్టి, పిడికిలితో వెనక ఒక దెబ్బ వేస్తారు. పడ్డప్పుడు ఆ రంగు పల్చగా ఉంటుంది. చూస్తుండగానే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు కావాలంటే పటిక అద్ది, తర్వాత రంగు నీళ్లలో ఉడకబెట్టాలి. వెనకటి రోజుల్లో ఆ ఎరుపుకి చిరువేరు వాడేవాళ్లు. అది మన తీరపు ఇసక నేలల్లో పెరిగే మొక్క వేరు. ఆ తర్వాత పారే నీళ్లలో జాడించాలి. అంటే ఈ పనికి ఈ ఇసక కావాలి, ఈ కాలవ కావాలి, ఈ ఎండ కావాలి. పర్షియా రాజుల దగ్గరికి, ఐరోపా ఇళ్లలోకి వెళ్లిన బట్ట వెనక ఇన్ని స్థానిక వస్తువులున్నాయి. ఊరు పెరగడం అంటే ఇదే. దగ్గరి నీరు, దూరపు దారి ఒక మనిషి చేతి దగ్గర కలుసుకోవడం.

తగ్గడం ఎలా మొదలైంది అంటే అందరూ 1864 ఉప్పెన చెబుతారు. ఆ ఏడు నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికొచ్చింది. ముప్ఫై వేల మంది దాకా పోయారని లెక్క. దాని గురించి తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ బందరుని ఉప్పెన ముంచింది అన్నమాట నేను ఒప్పుకోను. అప్పటికి రెండొందల ఏళ్ల ముందు నుంచే కారణాలు ఒకటొకటిగా ఊరు దాటిపోతున్నాయి.

ఇంగ్లీషువాళ్లు 1639లో మద్రాసులో చోటు సంపాదించి, 1641 కల్లా ఈ తీరపు ప్రధాన కేంద్రాన్ని ఇక్కణ్ణించి అక్కడికి మార్చుకున్నారు. ఆ రోజు బందరులో ఎవరికీ ఏమీ తేడా కనపడి ఉండదు. నేతగాడు నేస్తూనే ఉన్నాడు, పడవ నడుస్తూనే ఉంది. 1687లో గోలకొండ ఔరంగజేబు చేతికి పోయింది. లోపలి నుంచి వచ్చే దారికి ఉన్న రాజధాని బలం పోయింది. 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట పట్టుకున్నారు, దాంతో పోటీపడి ధర పెట్టేవాళ్లు తగ్గారు. ఒకే కొనుగోలుదారు మిగిలితే నేతగాడి బతుకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి మరబట్ట దిగింది. 1832–33లో డొక్కల కరువు వచ్చింది. ఈలోగా రేవు పూడిపోతూనే ఉంది. ఓడలు ఒడ్డుకి రాలేక దూరాన లంగరు వేస్తే పడవల మీద సరుకు చేరవేయాల్సి వచ్చేది. ఇవన్నీ అయ్యాక వచ్చింది ఉప్పెన.

విపత్తు ఒక్కటే ఊరిని చంపదని నేను గట్టిగా నమ్ముతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో పదిహేను వేల మంది దాకా చనిపోయారంటారు. హైదరాబాదు ఖాళీ అయిందా? లేదు. అక్కడ నిజాం ప్రభుత్వం ఉంది, కొలువులున్నాయి, డబ్బుంది. విశ్వేశ్వరయ్యని పిలిపించి ప్రణాళిక వేయించారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. ముంచిన నీళ్లే తాగేనీళ్లయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ హాల్లో ఆ రాత్రిని చూసినవాళ్లున్నారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇళ్లకి ఇళ్లు పోయాయి. అయినా బతికినవాళ్లు తిరిగి అక్కడికే వెళ్లారు. ఎందుకంటే చేప అక్కడుంది, చేను అక్కడుంది. తిరిగి వెళ్లడానికి కారణం బతికే ఉంది. 1864 నాటికి బందరుకి ఆ కారణమే తగ్గిపోయింది. తేడా అది.

ఇంకో సంగతి కూడా జరిగింది. 1855 కల్లా బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. డెల్టా పచ్చబడింది. ఎన్ని ప్రాణాలు నిలిపిందో ఆ ఆనకట్ట! కానీ బరువు మాత్రం రేవు నుంచి కాలవ తల వైపుకి జరిగింది. ఆ తర్వాత రైలు వంతెన కూడా బెజవాడ దగ్గరే పడింది. నాలుగు దిక్కుల రైళ్లు అక్కడ కలిశాయి. జిల్లాకి ముఖ్య పట్టణం బందరే, కోర్టు బందరులోనే, కానీ సంత బెజవాడకి వెళ్లిపోయింది. 2011 జనాభా లెక్కల్లో విజయవాడ పది లక్షలు దాటింది. బందరు రెండు లక్షలు కూడా లేదు.

కొల్లూరు సంగతి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడికి వెళ్లి, గనుల్లో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు అక్కడిదే అంటారు. వజ్రాలు అయిపోయాక ఊరికి ఇంకో పని లేకపోయింది. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. ఒక్క కారణం మీద నిలబడిన ఊరు ఒంటి నిట్రాటి పాక లాంటిది.

మరి బందరు ఎందుకు కొల్లూరు కాలేదు? నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ ప్రశ్న. రేవు పోతున్న కాలంలోనే ఈ ఊరు ఇంకో పని వెతుక్కుంది. 1843లోనే రాబర్ట్ నోబుల్ ఇక్కడ బడి పెట్టాడు, అది నోబుల్ కాలేజీ అయింది. 1902లో కృష్ణా పత్రిక మొదలైంది. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయాల కోసం తెలుగుదేశం ఎదురు చూసింది. కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్యగారు, మరికొందరు కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పట్టాభిగారే 1923లో ఇక్కడ ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఓడలు రాని ఊరికి అక్షరాలు వచ్చాయి. అవేవీ పైనుంచి ఎవరో దయచేసి ఇచ్చినవి కావు. ఈ ఊరి ప్లీడర్లు, డాక్టర్లు, మేష్టార్లు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి నిలబెట్టినవి. ఇంకోపక్క చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు నగల పని పుట్టింది. సన్నటి రేకు, చిన్న మంట, పదును కళ్లు. వేలమందికి అన్నం పెట్టింది. బందరు చచ్చిపోలేదు. పని మార్చుకుని బతికింది. తర్వాత బ్యాంకు పెద్దాఫీసూ హైదరాబాదు వెళ్లింది, 2020లో ఆ బ్యాంకే ఇంకో బ్యాంకులో కలిసింది. కారణాలు మళ్లీ జరుగుతూనే ఉన్నాయి, అది నిజం. కానీ ఒకసారి మార్చుకున్న ఊరికి ఆ విద్య తెలుసు.

మనమే చంపిన ఊళ్లు కూడా ఉన్నాయి. చంపిన అన్నమాట గట్టిగా ఉందని నాకు తెలుసు, అయినా అదే వాడతాను. నాగార్జునకొండ లోయలో రాతి పనిముట్ల కాలం నుంచి మనుషులున్నారు. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడ ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. విహారాలు, స్నానఘట్టాలు, మెట్ల మెట్ల ప్రేక్షకశాల, సింహళం నుంచి వచ్చిన భిక్షువులకి ప్రత్యేకంగా ఒక విహారం. రాజులు పోయాక ఆ నగరం తనంతట తను మెల్లగా మట్టిలో కలిసింది. 1926లో మళ్లీ బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకి శంకుస్థాపన చేశారు. మునగకముందే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. సాగర్ నీళ్లు తాగుతున్న పొలాలు మన కళ్ల ముందే ఉన్నాయి, ఆ మేలునీ కాదనలేం. కానీ ఇక్ష్వాకుల రాళ్లని కొండెక్కించిన మనం, ఆ రోజు అక్కడ బతుకుతున్న పల్లెల గురించి ఎన్ని పేజీలు రాసుకున్నాం?

శ్రీశైలం జలాశయం కింద వందకి పైగా ఊళ్లు మునిగాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటికొస్తుంది. వేపమొద్దు శివలింగానికి ఆ కొన్ని నెలలే పూజలు. నేను వెళ్లినప్పుడు గుడి కంటే ఒడ్డున ఒక పెద్దాయన నన్ను ఆపేశాడు. మనవడికి చెయ్యి చాపి చూపిస్తున్నాడు. "అదిగో, ఆ రాళ్లు కనపడుతున్నాయే, అది మన పొయ్యి గడ్డరా. ఆ పక్కన మీ జేజి నీళ్ల తొట్టి." మనవడికి బురద తప్ప ఏమీ కనపడలేదు. పెద్దాయనకి గది గదీ కనపడుతోంది. ఇప్పుడు పోలవరం ముంపులో ఉన్నవాళ్లకి కాలనీలు కడుతున్నారు. ఇళ్లు వరసగా ఉంటాయి, సిమెంటు రోడ్డు ఉంటుంది, కరెంటు ఉంటుంది. అడివి, ఏరు, తాత సమాధి ఉండవు. ఇల్లు కట్టించి ఇవ్వొచ్చు. తిరిగి రావడానికి కారణాన్ని కట్టించి ఇవ్వడం ఎలాగో మనకి ఇంకా చేతకాలేదు.

ముంపు లేకుండా, ఉప్పెన లేకుండా, చప్పుడు లేకుండా తగ్గుతున్న ఊళ్లు ఇంకా ఎక్కువ. మా ఊరు వాటిలో ఒకటి. ఊరు తగ్గుతోందని మొదట ఇళ్లు చెప్పవు. మా ఊళ్లో ముందు టైలరు వెళ్లిపోయాడు. తర్వాత సైకిల్ షాపు మూతపడింది. ఆ తర్వాత సాయంత్రం బస్సు తీసేశారు. బడిలో పిల్లలు తగ్గి పై తరగతులు పక్క ఊరి బడిలో కలిపారు. బడి తగ్గిన ఏడాది నుంచి కొత్త కోడళ్లు కాపురానికి రావడం మానేశారు, కొడుకులే కోడళ్ల దగ్గరికి పట్నం వెళ్లారు. విచిత్రం ఏమిటంటే ఇళ్లు మాత్రం పెద్దవయ్యాయి. హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్న పిల్లలు డబ్బు పంపించి అమ్మానాన్నలకి రెండంతస్తులు కట్టించారు. పాలరాయి పరిచారు. అమ్మానాన్న మోకాళ్ల నొప్పులతో కిందే ఉంటారు. మేడ మీద గదులకి తాళం. సంక్రాంతి మూడు రోజులు వీధిలో కార్లు పట్టవు. ముక్కనుమ దాటగానే మళ్లీ తాళాలు. వెళ్లినవాళ్లని నేను తప్పు పట్టను. నేనూ వెళ్లినవాణ్ణే. కృష్ణ ఒండ్రుతో ఊళ్లు పుట్టించినట్టే మా ఊరి పిల్లలు వెళ్లి హైదరాబాదు అంచుల్లో కొత్త ఊళ్లు పుట్టించారు. వెనకటికి కోరంగి రేవులో ఓడెక్కి బర్మా వెళ్లినవాళ్లని అక్కడ ఆ రేవు పేరుతోనే కోరంగీలు అన్నారు. ఆ రేవు పూడిపోయినా పేరు రంగూన్‌లో బతికింది. ఊరు మనుషుల వెంట కూడా ప్రయాణం చేస్తుంది.

మీకు కొత్త రేవు వస్తోంది. మంగినపూడి దగ్గర 2023లో పనులు మొదలయ్యాయి. క్రేన్లు చూసి వచ్చాను, సంతోషం వేసింది. నూట అరవై ఏళ్ల తర్వాత బందరుకి ఆ పేరు మళ్లీ సరిపోతుంది. నా కోరిక ఒక్కటే. కంటెయినర్లు వచ్చేవేళకి పెడన అచ్చులు, చిలకలపూడి మంటలు, ఈ గ్రంథాలయం బీరువాలు కూడా ఉండాలి. రేవు ఒక్కదాని మీదే ఊరిని మళ్లీ నిలబెట్టొద్దు. ఒకసారి అలా నిలబడి చూశాం.

చివరగా ఒక పని అడుగుతాను. ఊరు పుట్టినప్పుడు రాజులు రాయి మీద రాయించారు. ఊరు తగ్గుతున్నప్పుడు ఎవరూ రాయడం లేదు. మా పాటిదిబ్బ పేరు ఎవరికీ తెలియకపోవడానికి అదే కారణం. రెండేళ్ల కిందట వెళ్తే ఆ దిబ్బ కూడా లేదు. మెరక చేయడానికి మట్టి తోలుకుపోయి చదును చేశారు, ప్లాట్ల రాళ్లు పాతారు. నేను పూస పెట్టొచ్చిన చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను. అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే మీ ఊరి వివరం రాసి ఈ గ్రంథాలయానికి ఇవ్వండి. బావుల పేర్లు, చేల పేర్లు, చెట్ల పేర్లు, ఏ వీధిలో ఎవరెవరు ఉండేవాళ్లు, ఎవరు ఎప్పుడు ఎందుకు వెళ్లారు. సర్వే నంబర్లు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. మనకి కావాల్సింది మనం పిలుచుకున్న పేర్లు.

నేను మాది రాసుకొచ్చాను. నలభై పేజీల నోటుబుక్కు. ఇవాళ అధ్యక్షులవారికి ఇచ్చేస్తున్నాను. మొదటి పేజీ చదివి కూర్చుంటాను.

"మంచినీళ్ల చెరువు, తూర్పు గట్టున రెండు రావిచెట్లు, ఒకటి 1977 గాలికి పడిపోయింది. ఉప్పుబావి, గేదెలకి. తియ్యబావి, గుడి వెనక, పూడ్చేశారు. పొడుగుచేను. గుడ్డివాగు చేను. పంతులుగారి దొడ్డి, అందులో సపోటా చెట్టు. దక్షిణపు బజారు, పదకొండు ఇళ్లు, ఇప్పుడు దీపం పెట్టేవి నాలుగు. పడమట పాటిదిబ్బ, పేరు తెలియదు."